సంతకం పెట్టే కుర్చీలో కార్మికుల మనిషి

ఎడ్మంటన్‌లో జనవరి నెలంటే పొద్దున ఏడున్నరకి కూడా చీకటే. మొన్న గణతంత్ర దినోత్సవం నాడు బయట మైనస్ 28. కాంక్రీటు పోసిన చోట టార్పాలిన్లు కట్టించి, లోపల హీటర్లు పెట్టించి, సైటు ట్రైలర్‌లోకి వచ్చి టీ పోసుకుంటున్నాం. మన కుర్రాళ్లిద్దరు ఫోన్లో ఢిల్లీ పరేడ్ చూస్తున్నారు. అక్కడ పరేడ్ నడిచేటప్పుడు ఇక్కడ ముందురోజు రాత్రి పది. అందుకే తెల్లారి టీ టైములో చూసుకోవడం మాకు అలవాటు.

నిజామాబాద్ కుర్రాడికి ఒక అనుమానం వచ్చింది. పని చేసేది ప్రధానమంత్రి అయితే ఈ గుర్రాలు, ఈ బ్యాండు రాష్ట్రపతికి ఎందుకన్నా, సంతకమే కదా పెట్టేది అన్నాడు. శ్రీకాకుళం కుర్రాడు వెంటనే అందుకున్నాడు. వాళ్ల పాతపట్నం ఎంపీ ఒకాయన ఒకప్పుడు రాష్ట్రపతి అయ్యాడని వాళ్ల తాత గొప్పగా చెప్పేవాడట. పేరు మాత్రం గుర్తు లేదు.

ఆ పేరు వరాహగిరి వెంకటగిరి. అందరికీ వి.వి.గిరి. సంతకమే కదా అన్న మాట మాకు కాస్త గుచ్చుకుంది. మేం చేసే ఉద్యోగం కూడా సగం సంతకమే. పొద్దున్నే ప్రమాదాల పరిశీలన కాగితం మీద, స్కాఫోల్డింగ్ ట్యాగు మీద, కాంక్రీటు లారీ స్లిప్పు మీద పెడుతూనే ఉంటాం. దాని బరువెంతో తెలుసు. అందుకే గిరి గారి కథ ఆ కుర్రాళ్లకి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాం. దుబాయిలో ఉన్నా దోహాలో ఉన్నా కూలి చేసుకునే మన వాళ్లు తెలుసుకోవాల్సిన జీవితం అది.

బరంపురం నుంచి డబ్లిన్

1894 ఆగస్టు 10న గంజాం జిల్లా బరంపురంలో పుట్టారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీ, ఇప్పుడు ఒడిశా. నాన్న జోగయ్య పంతులు పేరున్న వకీలు. అమ్మ సుభద్రమ్మ శాసనోల్లంఘనలో అరెస్టయిన మనిషి. లా చదవడానికి అందరూ లండన్ వెళ్తుంటే గిరి 1913లో ఐర్లండ్ వెళ్లారు. అదే ఏడాది డబ్లిన్‌లో యజమానులు గేట్లు మూసేసి వేలాది కార్మికుల్ని నెలల తరబడి రోడ్డున పడేశారు. కార్మిక నాయకుడు జేమ్స్ కానలీ ప్రభావం ఈ ఇరవై ఏళ్ల తెలుగు కుర్రాడి మీద గట్టిగా పడింది. దక్షిణాఫ్రికాలో మన కూలీల బాధల మీద విద్యార్థులు కరపత్రం వేస్తే అందులోనూ ఆయన చెయ్యి ఉంది. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం జులై 1 లోపు దేశం విడిచి పొమ్మని నోటీసు ఇచ్చింది. వీసా రద్దయి సామాన్లు సర్దుకున్న వాళ్లు మనలోనూ ఉన్నారు కాబట్టి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. నయమేమిటంటే అప్పటికే బారిస్టరు పట్టా చేతికొచ్చింది.

ఇంటికొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. సహాయ నిరాకరణ ఉద్యమం రాగానే నల్లకోటు విప్పేశారు. ఆ తర్వాత ఆయన జీవితమంతా రైలు పట్టాల వెంటే నడిచింది.

బెంగాల్ నాగపూర్ రైల్వే అని ఒక కంపెనీ ఉండేది. మన వాల్తేరు దాకా వచ్చే లైను దానిదే. ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కోసం మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వేల మంది వలస వెళ్లారు. వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడ తెలుగు మాట్లాడతారు. అక్కడి కార్మికులకి గిరి సంఘం కట్టారు. 1920ల చివర్లో కంపెనీ మనుషుల్ని తీసేస్తే సమ్మె నడిపించారు. దెబ్బలాట లేకుండా, చివరికి కంపెనీ దిగొచ్చేదాకా. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకుల్లో ఆయనొకరు. పదేళ్లకు పైగా దానికి ప్రధాన కార్యదర్శి. ఈ సంఘం పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. 1926లో ఏఐటీయూసీ అధ్యక్షుడు, 1927లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక మహాసభకు కార్మికుల ప్రతినిధి, 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో కూడా కార్మికుల తరఫునే. జైలు జీవితం సరేసరి.

1937 ఎన్నికల్లో సాక్షాత్తూ బొబ్బిలి రాజానే ఓడించి రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1947 నుంచి 1951 దాకా సిలోన్‌లో మన హైకమిషనర్. ఆ రోజుల్లోనే అక్కడ తేయాకు తోటల్లో పనిచేసే లక్షల మంది మనవాళ్లకి 1948 చట్టంతో పౌరసత్వం లేకుండా పోయింది. వలస కూలీ బతుకు ఆయన ఫైళ్లలోనే కాక కళ్లారా చూశారన్నమాట.

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ దగ్గర కార్మిక మంత్రి అయ్యారు. యజమాని, కార్మికుడు కూర్చుని మాట్లాడుకోవాలి, ప్రతిదానికీ కోర్టు తీర్పు రుద్దకూడదు అన్నది ఆయన పద్ధతి. గిరి పద్ధతి అనే పేరు దానికి అలా నిలిచిపోయింది. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం తగ్గించింది. కార్మిక మంత్రిగా ఉండి దానికి తలూపలేక ఆయన రాజీనామా చేసి బయటికొచ్చేశారు. ఈ సంగతి కూడా గుర్తుంచుకోండి.

1957 ఎన్నికల కథ విచిత్రం. పార్వతీపురం అప్పుడు ఇద్దరు ఎంపీల నియోజకవర్గం. ఒకటి జనరల్ సీటు, ఒకటి గిరిజనులకి. రెండూ గిరిజన అభ్యర్థులే గెలుచుకున్నారు. జనరల్ సీటు వాళ్లకెలా వస్తుందని గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1959లో అక్కడా ఓడిపోయారు. ఓట్లు ఎక్కువ వస్తే జనరల్ సీటు గిరిజనుడిది ఎందుకు కాకూడదు? మా లెక్కలో కోర్టు మాటే న్యాయం. ఆ తర్వాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరు, 1967లో ఉపరాష్ట్రపతి.

1969: ఒక్క వారాంతంలో రెండు కాగితాలు

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే పోయారు. రాజ్యాంగం ప్రకారం ఉపరాష్ట్రపతి ఆ పని చూడాలి. కాబట్టి గిరి తాత్కాలిక రాష్ట్రపతి. కాంగ్రెస్ పార్టీ మన నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా ప్రకటించింది. ఇందిరాగాంధీకి అది నచ్చలేదు. గిరి స్వతంత్రుడిగా నిలబడతానన్నారు.

జులై 19 శనివారం. సోమవారం పార్లమెంటు సమావేశాలు మొదలవ్వాలి. పార్లమెంటు లేనప్పుడు మాత్రమే ఆర్డినెన్స్ తేవచ్చు, దాని మీద రాష్ట్రపతి సంతకం ఉండాలి. ఆ శనివారం 14 పెద్ద బ్యాంకుల్ని జాతీయం చేసే ఆర్డినెన్స్ మీద గిరి సంతకం పెట్టారు. ఆదివారం పదవికి రాజీనామా చేసి పోటీకి దిగారు. పదిహేనేళ్ల కిందట బ్యాంకు గుమస్తాల జీతం కోసం మంత్రి పదవి వదులుకున్న మనిషి, వెళ్లిపోయే ముందు రోజు ఆ బ్యాంకుల్నే ప్రభుత్వానికి రాసిచ్చాడు. 1970 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేస్తే నాలుగు రోజుల్లో మళ్లీ ఆర్డినెన్స్ తెచ్చారు. అప్పటికి సంతకం పెట్టే కుర్చీలో పూర్తి స్థాయి రాష్ట్రపతిగా ఆయనే ఉన్నారు.

బ్యాంకుల మీద సంతకం అంటే ఎడ్మంటన్‌లో దీనికి తిరగేసిన కథ ఒకటుంది. 1937లో ఆల్బర్టా ప్రీమియర్ ఏబర్‌హార్ట్ ప్రభుత్వం మూడు బిల్లులు చేసింది. రెండు బ్యాంకుల మీద, ఒకటి పత్రికల మీద. ఇక్కడ రాష్ట్ర గవర్నరు లాంటి పదవిని లెఫ్టినెంట్ గవర్నర్ అంటారు. ఆ పదవిలో ఉన్న జాన్ బోవెన్ సంతకం పెట్టకుండా పైకి పంపేశాడు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆయన ఉండే గవర్నమెంట్ హౌస్‌నే మూసేసింది. కారు తీసేసింది, సిబ్బందిని తీసేసింది. కెనడా సుప్రీంకోర్టు 1938లో ఆ బిల్లులు చెల్లవంది గానీ బోవెన్‌కి ఇల్లు మాత్రం తిరిగి రాలేదు. ఆ భవనం గ్లెనోరా వైపు ఇప్పటికీ ఉంది. మా పాత సైటుకి అటునుంచే వెళ్లేవాళ్లం.

గిరి రాజీనామాతో పెద్ద చిక్కొచ్చింది. రాష్ట్రపతి లేడు, ఉపరాష్ట్రపతీ లేడు. మరి దేశానికి సంతకం ఎవరు పెట్టాలి? ఇలాంటి పరిస్థితి కోసమే రెండు నెలల ముందు ఒక చట్టం చేసి పెట్టారు. దాని ప్రకారం సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా ఐదు వారాల పాటు రాష్ట్రపతిగా పనిచేశారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఢిల్లీ వస్తే మర్యాదలు చేసింది ఆయనే.

ఆగస్టు 16న పోలింగ్. ఎంపీలు, ఎమ్మెల్యేలు ఆత్మప్రబోధం ప్రకారం ఓటేయాలని ఇందిర పిలుపు. మొదటి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కి 1,12,769 ఓట్లు. గెలవాలంటే 4,18,169 కావాలి. ఎవరికీ రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపితే గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. పార్టీ టిక్కెట్టు లేకుండా స్వతంత్ర అభ్యర్థిగా గెలిచిన రాష్ట్రపతి ఇప్పటికీ ఆయనొక్కరే. పోటీ ఇద్దరు తెలుగువాళ్ల మధ్య. అందులో ఎవరు గెలిచినా మనకి సంబరమే అనుకోవచ్చు గానీ, ఆ పోటీ దెబ్బకి నవంబరులో కాంగ్రెస్ నిలువునా చీలింది. సంజీవరెడ్డి 1977లో పోటీ లేకుండా అదే కుర్చీలో కూర్చున్నారు, అది వేరే కథ.

ఎన్నికల్లో సంజీవరెడ్డి మీద అసహ్యమైన కరపత్రం పంచారని కేసు పడింది. రాష్ట్రపతి ఎన్నిక గొడవ సుప్రీంకోర్టే తేల్చాలి. 1970లో గిరి రాష్ట్రపతిగా ఉంటూనే కోర్టుకి వెళ్లి సాక్ష్యం చెప్పారు. మనిషిని ఇంటికి పంపి వాంగ్మూలం తీసుకోమని అడగొచ్చు, అడగలేదు. ఈ ఒక్క విషయంలో ఆయనకి సలాం కొడతాం. కేసు కొట్టేశారు.

వద్దన్నా పెట్టాల్సిన సంతకాలు

రాష్ట్రపతి అధికారాలు కాగితం మీద చూస్తే కళ్లు తిరుగుతాయి. మూడు సైన్యాలకీ అధిపతి, ప్రధానిని నియమించేది ఆయన, జడ్జీల్ని నియమించేది ఆయన, లోక్‌సభ రద్దు చేసేది ఆయన, ఉరిశిక్ష తగ్గించేదీ ఆయనే. కానీ 74వ అధికరణ అని ఒకటుంది. మంత్రిమండలి సలహా మీదే ఇవన్నీ జరగాలి. సలహా అంటే మన వాడుకలో ఇష్టమైతే వింటాం, లేకపోతే లేదు. రాజ్యాంగంలో సలహా అంటే వినాల్సిందే.

1970 అక్టోబరు 1న ఏం జరిగిందో చూడండి. గిరి సోవియట్ పర్యటనలో కీవ్ నగరంలో ఉన్నారు. ఉత్తరప్రదేశ్‌లో చరణ్‌సింగ్ ప్రభుత్వాన్ని దించి రాష్ట్రపతి పాలన పెట్టే కాగితం అక్కడికే పంపారు. విదేశంలో కూర్చుని ఆయన సంతకం పెట్టేశారు. ముప్పై ఐదేళ్ల తర్వాత 2005లో బీహార్ అసెంబ్లీ రద్దు కాగితం మీద అబ్దుల్ కలాం మాస్కోలో ఉండి సంతకం పెట్టాల్సి వచ్చింది. ఆ రద్దు చెల్లదని తర్వాత సుప్రీంకోర్టు చెప్పింది.

1970 సెప్టెంబరులో సంస్థానాధీశుల గుర్తింపు రద్దు చేస్తూ సంతకం పెట్టారు, డిసెంబరులో కోర్టు కొట్టేసింది. 1971లో 24వ సవరణ. ఇది తమాషా. రాజ్యాంగ సవరణ బిల్లు వస్తే రాష్ట్రపతి ఆమోదం ఇచ్చి తీరాలి అనే సవరణ అది. తన చెయ్యి కట్టేసే తాడుకి తనే ముడి వేశారన్నమాట. డిసెంబరు 3న పాకిస్తాన్ యుద్ధం మొదలైన రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటన మీద సంతకం. 1973లో ముగ్గురు సీనియర్లను దాటించి ఎ.ఎన్.రేని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. గిరి వద్దని చెప్పి చూశారని, ఇందిర వినలేదని రాసినవాళ్లున్నారు. నియామకం మాత్రం ఆయన పేరు మీదే జరిగింది.

మన ఇంటి సంగతి కూడా ఒకటి. జై ఆంధ్ర ఉద్యమంలో 1973 జనవరిలో మన రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆరు సూత్రాల ఒప్పందం తర్వాత 32వ సవరణతో 371డి అధికరణ పుట్టి 1974 జులై 1న అమల్లోకి వచ్చింది. ఉద్యోగాల్లో, చదువుల్లో లోకల్, నాన్‌లోకల్ ఎవరో నిర్ణయించే ఉత్తర్వులు ఇచ్చే అధికారం రాష్ట్రపతికి. పాలిటెక్నిక్‌లో చేరడానికి మేం స్టడీ సర్టిఫికెట్లు పట్టుకుని స్కూళ్ల చుట్టూ తిరిగినప్పుడు ఇదంతా ఎవరికి తెలుసు! మా డిప్లొమా సీటు వెనకాల రాష్ట్రపతి పేరుతో ఒక ఉత్తర్వు ఉందని ఇక్కడికొచ్చాక తెలిసింది.

ఇక 1974 మే. దేశంలో రైళ్లు ఆగాయి. మే 8 నుంచి 27 దాకా సమ్మె, దాదాపు 17 లక్షల మంది రైల్వే ఉద్యోగులున్న సంస్థ. ఎనిమిది గంటల పని, బోనస్, జీతాల పెంపు కావాలన్నారు. నాయకుడు జార్జి ఫెర్నాండెజ్, అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ అధ్యక్షుడు. గిరి తన చేతులతో కట్టిన సంఘం అదే. సమ్మె మొదలవ్వకముందే ఫెర్నాండెజ్‌ని అరెస్టు చేశారు. వేల మందిని లోపలేశారు, ఎంతోమంది కుటుంబాల్ని క్వార్టర్లలోంచి సామాన్లతో సహా బయటికి గెంటారు. ఖరగ్‌పూర్ సమ్మె నడిపిన మనిషి రాష్ట్రపతి భవన్‌లో ఉన్నాడు. అణిచివేస్తే పరిస్థితి ఇంకా చెడిపోతుందని ప్రభుత్వానికి హెచ్చరిక చేశారు. వినలేదు. సమ్మె ఓడిపోయింది. ఆయన ఎనభయ్యో ఏడు దగ్గర పడుతున్న ముసలాయన, మూడు నెలల్లో పదవి అయిపోతుంది. కుర్చీలోనే ఉండిపోయారు.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట వేరే ఊళ్లో, వేరే కంపెనీలో పనిచేసేటప్పుడు చలికి కట్టిన టార్పాలిన్ గూడు మధ్యలో స్కాఫోల్డింగ్ సరిగా లేదని కాగితం వెనక్కి పంపాం. మధ్యాహ్నానికి అదే కాగితం, అదే స్కాఫోల్డింగ్, మళ్లీ వచ్చింది. లారీలు గేటు దగ్గర ఉన్నాయి. రెండోసారి సంతకం పెట్టేశాం. సాయంత్రం ఒక కుర్రాడు జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ప్రాణానికి ఏం కాలేదు. ప్రమాదమనిపిస్తే పని చేయనని చెప్పే హక్కు ఆల్బర్టా చట్టంలో ప్రతి కార్మికుడికీ ఉంది. మాకూ ఉండింది. వాడుకోలేదు. గిరి గురించి చదివినప్పుడల్లా ఆ రెండో సంతకమే గుర్తొస్తుంది.

1974 ఆగస్టు 24న గిరి పదవి దిగారు. సరిగ్గా ముందు రోజు, ఆగస్టు 23న, సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి శంషేర్ సింగ్ కేసులో తీర్పు చెప్పింది. రాష్ట్రపతి, గవర్నరు మంత్రిమండలి సలహా ప్రకారమే నడుచుకోవాలని. ఐదేళ్లూ ఆయన చేసింది సరేనని కోర్టు ముద్ర వేసినట్టయింది. పది నెలలకి, 1975 జూన్‌లో, ఫకృద్దీన్ అలీ అహ్మద్ ఎమర్జెన్సీ కాగితం మీద సంతకం పెట్టారు. తర్వాత 1976 సవరణలో ఆ కట్టుబాటును అక్షరాలా రాశారు. 1978 సవరణ కొంచెం ఊపిరి తీసుకోనిచ్చింది. సలహాని ఒక్కసారి వెనక్కి పంపి మళ్లీ ఆలోచించమనొచ్చు, రెండోసారి వస్తే ఒప్పుకోవాలి. ఎమర్జెన్సీకి మంత్రివర్గం నిర్ణయం రాతపూర్వకంగా ఉండాలి. ఒక్కసారి వెనక్కి పంపే ఆ వీలు గిరి కాలానికి ఇంకా రాజ్యాంగంలో రాయలేదు.

1975లో భారతరత్న ఇచ్చారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలో కార్మిక సమస్యల మీద పరిశోధన చేసే జాతీయ సంస్థకి 1995లో ఆయన పేరు పెట్టారు.

కథ అయ్యేసరికి ట్రైలర్‌లో టీ చల్లారిపోయింది. 1954లో మంత్రి పదవి వదిలేసినట్టు 1974లో రాష్ట్రపతి పదవి కూడా వదిలేసి ఉండాల్సిందని శ్రీకాకుళం కుర్రాడు. మంత్రి వెళ్లిపోతే ఇంకో మంత్రి వస్తాడు, సమ్మె మధ్యలో రాష్ట్రపతి వెళ్లిపోతే దేశం ఏమవ్వాలని నిజామాబాద్ కుర్రాడు. మేం మొదటివాడి వైపే. కానీ గట్టిగా అనలేకపోయాం. ఇంతలో హీటర్లకి డీజిల్ తెచ్చే బండి హారన్ కొట్టింది. నిజామాబాద్ కుర్రాడు ఆ రోజు స్కాఫోల్డింగ్ కాగితం మా ముందు పెట్టి, సంతకం పెట్టేముందు ఒకసారి చూసొద్దాం రా అన్నా అని గ్లౌజులు తొడుక్కున్నాడు.